పేరుకు అర్థం అడిగిన కుప్పమ్మ

పుత్తూరు నుంచి పిచ్చాటూరు దాకా ఉన్న పల్లెల్లో కుప్పమ్మను ఎరగని ఆడమనిషి ఆ రోజుల్లో లేదు. తెల్లచీర, భుజాన ఖాకీ గుడ్డసంచి, ఎండకూ వానకూ ఒకటే నల్లగొడుగు. ఆమె బైబిలమ్మ. అంటే, క్రైస్తవ సంఘం ఇచ్చే చిన్న జీతం మీద ఊరూరా నడిచి, ఆడవాళ్లు పని చేసుకునే చోట కూర్చుని, బైబిల్లోని సంగతులు చెప్పే మనిషి. సోమవారం పొద్దున తన ఊరు తుమ్మలకండ్రిగలో బయలుదేరితే పది పన్నెండు ఊళ్లు తిరిగి శుక్రవారం సాయంత్రానికి తన ఇంటి తలుపు తీసేది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారు. నాలుగో బిడ్డగా ఈమె పుట్టినప్పుడు తల్లి తిరుమలమ్మ పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిదాన్ని చాటలో పెట్టి, తీసుకుపోయి దొడ్డి వెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. పక్కింటామె వచ్చి, ఎవరో పారేసిన బిడ్డను ఏరుకున్నట్టు ఎత్తుకుంది. తిరుమలమ్మ చాటెడు తవుడు ఇచ్చి తన బిడ్డను తానే కొనుక్కుంది. ఎవరికీ అక్కర్లేనిదని తెలిస్తే చావు కూడా దాని జోలికి రాదని ఆశ. అందుకని కుప్పమ్మ అని పేరు పెట్టారు. బిడ్డ బతికింది.

పద్దెనిమిదేళ్లకు రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసే చెంగయ్యతో పెళ్లయింది. నాలుగేళ్లకు చెంగయ్య వాంతులూ బేదులూ పట్టుకుని రెండు రోజుల్లో చనిపోయాడు. పిల్లలు లేరు. కుప్పమ్మ ఒక మిషను ఆస్పత్రిలో ఆయాగా చేరి, అక్కడే ఇరవై నాలుగో ఏట అక్షరాలు నేర్చుకుంది. బాప్తిస్మం తీసుకునే రోజున ముసలి పాస్టరు, "ఏం పేరు పెట్టమంటావమ్మా?" అని అడిగితే, "ఉండే పేరే ఉండనీండయ్యా" అంది. ఆయన తల ఊపి ఆ పేరుతోనే బాప్తిస్మం ఇచ్చాడు. ఆ తర్వాత గూడూరులో పది నెలలు బైబిలమ్మల తరగతులకు పోయివచ్చింది. ఆమె చూసిన అతి దూరపు ఊరు అదే.

కానీ ఆమె చెప్పే కథలన్నీ ప్రయాణాలే. బైబిలు చివర అట్టకు ముందు ఒక పటం ఉండేది, పౌలు తిరిగిన దారులు చుక్కల గీతలతో. శనక్కాయలు ఒలిచే ఆడవాళ్ల మధ్య ఆ పటం పరిచి, బస్సులో కండక్టరు చెప్పినట్టు ఊళ్ల పేర్లు చెప్పేది.

"ఇదిగో, ఈడ అంతియొకయలో బయల్దేరినారు పౌలూ బర్నబా. ఓడెక్కి కుప్ర దీవిలో దిగినారు. ఆడినించి పెర్గే. పెర్గేలో మార్కనే పిల్లోడు, నా వల్ల కాదని వాళ్లను ఇడిసిపెట్టి ఇంటికి ఎల్లిపోయినాడు."

"కాళ్లు నొప్పులు పుట్టుంటాయిలే అక్కా" అనేది మునిలక్ష్మి. తుమ్మలకండ్రిగ పిల్లే, కూలికి పోయిన చోటల్లా కుప్పమ్మ కథలకు ముందు వరసలో కూర్చునేది. "ఆ తట్టు బస్సు లేదా?"

"యాడి బస్సు మే, కొండల్లో నడకే. నడిసి నడిసి లుస్త్ర చేరినారు. ఆడ పౌలు మాటకు కుంటోడొకడు లేసి నడిసేసరికి, ఊరోళ్లు వీళ్లను దేవుళ్లే అనుకున్నారు. పూలదండలు తెచ్చినారు, బలియ్యను ఎద్దుల్ని తెచ్చినారు. మేమూ మీ మాదిరి మనుషులమేరా నాయనా అని వీళ్లు బట్టలు సించుకుని మొత్తుకున్నారు. మల్లా కొంచేపటికి అదే జనం పౌలును రాళ్లతో కొట్టి ఊరిబయట ఈడ్సి పారేసినారు."

ఇక్కడికి వచ్చేసరికి ఒలిచే చేతులు ఆగేవి. కుప్పమ్మ పటం మడిచి సంచిలో పెట్టేది. తర్వాతి సంగతి తర్వాతి వారం.

ఇట్లా ఇరవై ఏళ్లు గడిచాయి. 1979 వేసవిలో తుమ్మలకండ్రిగకు కొత్త పాస్టరు వచ్చాడు. పేరు జ్ఞానప్రకాశం. చిత్తూరులో పుట్టి పెరిగినవాడు, ముప్పై ఏళ్లు నిండలేదు. వచ్చిన నెలలోనే చర్చికి సున్నం కొట్టించాడు, వాన కారే చోట పెంకులు మార్పించాడు. పాత రిజిస్టరు చెదలు తినడంతో కొత్తది తెప్పించాడు. ఆ రిజిస్టరు చేతిలో పట్టుకుని ఒక ఆదివారం చెప్పాడు.

"మన సంఘంలో చాలామందికి ఇంకా పాత పేర్లే ఉన్నాయి. కొత్త జీవితానికి కొత్త పేరు ఉండాలి. రెండు వారాల్లో అందరూ బైబిలు పేర్లు తీసుకోండి. కొత్త రిజిస్టరులో ఆ పేర్లే రాస్తాను."

ఆరాధన అయ్యాక కుప్పమ్మను పిలిచాడు. "అమ్మా, మీరు ముందు మార్చుకుంటే మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది. ప్రిస్కిల్ల అని రాయమంటారా? పౌలుతో కలిసి ప్రయాణం చేసిన ఆమె. మీకు సరిగ్గా సరిపోతుంది."

"ప్రిస్కిల్ల అంటే ఏం అర్థమయ్యా?"

జ్ఞానప్రకాశం ఆలోచించాడు. "తెలియదమ్మా. బైబిల్లో ఉన్న పేరు, అది చాలదా?"

"కొంచెం టయిమియ్యండి" అంది కుప్పమ్మ.

ఆ వారం ఆమె రోడ్డు మీద నడుస్తూ ఆ పేరును నోట్లో తిప్పి చూసుకుంది. ప్రిస్కిల్లమ్మ. బాగానే ఉంది. కోపం ఏమీ రాలేదు. ఆ కుర్రాయన చెడ్డవాడు కాదు. కానీ ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తాను వెనక్కి తిరిగి చూస్తుందా అన్నది ఆమెకే అనుమానం. ఇంకొకటి కూడా తోచింది. ఇరవై ఏళ్లుగా ఈ పేర్లన్నీ ఊరూరా మోసుకుని తిరుగుతోంది. వాటిలో ఒక్కదానికి కూడా అర్థం తనకు తెలియదు.

శనివారం పొద్దున రైలెక్కి, రేణిగుంటలో బండి మారి గూడూరు పోయింది. ఆమెకు పాఠాలు చెప్పిన రాజారత్నం మేష్టరు అక్కడే కూతురి దగ్గర ఉంటున్నాడు. ఎనభై దాటాయి, చూపు మందగించింది. ఇంటికి ఎదురుగా నిమ్మకాయల మండీ. గోనెల వాసన వరండా దాకా వస్తోంది. గొంతు వినగానే గుర్తుపట్టాడు.

"కుప్పమ్మా! ఇంకా తిరగతానే ఉండావా?"

"ఉండాను మేష్టరుగారూ. ఒక సంగతి తెలుసుకుందామని వచ్చినాను. ప్రిస్కిల్ల అంటే ఏంది?"

"పాతకాలపుది అని. ముసిల్ది అనుకో."

కుప్పమ్మకు నవ్వు ఆగలేదు. జరిగిందంతా చెప్పింది. మేష్టరు విని, కూతురు చేత పెట్టెలోంచి ఒక పాత నోటుబుక్కు తెప్పించాడు. తరగతుల కోసం ఎప్పుడో రాసుకున్న పేర్ల పట్టిక అది. తనకు కనిపించదు కాబట్టి కుప్పమ్మనే చదవమన్నాడు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివింది, ఆయన చెప్పుకుంటూ పోయాడు.

"అపొల్లో. ఆ దేశంలో అపొల్లో ఒక దేవుడు, కుప్పమ్మా. ఆ దేవుడి పేరే ఈయనకు పెట్టినారు తల్లిదండ్రులు. సంఘంలో చేరినాక ఎవరైనా మార్చినారా? లేదు. ఎపఫ్రొదితు. అది ఒక దేవత పేరులోంచి వచ్చింది. మార్చలేదు. ఫీబే. అది కూడా అంతే. పౌలు ఆమె పేరును అట్లాగే రాసి, ఈమె మన సహోదరి, బాగా చూసుకోండని చెప్పినాడు. పేతురుకు ప్రభువు తానే పేరు పెట్టినాడు, అది వేరే. రిజిస్టరు కోసం ఎవరూ పేర్లు మార్చినట్టు నేను చదవలేదు."

"మరి సౌలు పౌలైనాడు గదా, అది?"

"మారలేదమ్మా. రెండూ ఆయన పేర్లే. సౌలు ఇంట్లో పేరు, వాళ్ల కులంలో పుట్టిన మొదటి రాజు పేరు. పౌలు బయటి పేరు. కుప్ర దీవి దాటినాక, పరాయి జనంలో తిరిగేటప్పుడు, ఆ రెండోదే మిగిలింది." మేష్టరు ముందుకు వంగాడు. "దాని అర్థం తెలుసునా నీకు? చిన్నవాడు అని. మన భాషలో చెప్పాలంటే, చిన్నబ్బ."

కుప్పమ్మ నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంది. ఇరవై ఏళ్లు ఆమె పౌలును బారెడు గడ్డంతో, ఉరిమే గొంతుతో ఊహించుకుంది. చిన్నబ్బ! ప్రతి పల్లెలోనూ ఇద్దరు ముగ్గురు చిన్నబ్బలున్నారు.

బయలుదేరేటప్పుడు మేష్టరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇదంతా తీసుకుపోయి ఆ కుర్ర పాస్టరును నలుగురిలో చిన్నబుచ్చొద్దు. ఇంకొకటి. కొంతమందికి పాత పేరు బరువు కుప్పమ్మా. వాళ్లను మార్చుకోనియ్యి. మార్చుకోవడమూ వాళ్లదే, ఉంచుకోవడమూ వాళ్లదే."

ఆ మాటల్లో రెండోది ఆమెకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాతి శనివారం అర్థమైంది.

తుమ్మలకండ్రిగలో నిజంగానే ఒక చిన్నబ్బ ఉన్నాడు. యాభై ఏళ్లవాడు, మీసం నెరిసింది. పక్కన పెద్దూరులో దొరస్వామి నాయుడి చెరకు తోటలో పని. బెల్లం వండడంలో ఆ చుట్టుపట్ల అతన్ని మించినవాడు లేడు. పెనంలో ఉడికే పాకాన్ని చూసి, ఎప్పుడు దించాలో అంత పొగలోంచి కూడా చెప్పేవాడు. అతను కుప్పమ్మ ఇంటి ముందు నిలబడి, "అక్కా, నేను పౌలని రాయించుకుంటా ఉండాను" అన్నాడు.

కుప్పమ్మ గడప దిగి వచ్చింది. "ఎందుకప్పా ఆ పేరు?"

"నాయుడి మనవడు, ఏడేండ్ల పిల్లోడు, నన్ను 'రేయ్ చిన్నబ్బా' అంటాడు. వాళ్ల తాత అట్లే అంటాడు, వాడూ అంటాడు. నా తలకాయ నెరిసినా నేను చిన్నోణ్ణే. పౌలు నాలుగు దేశాలు తిరిగినోడు, రాజుల ముందర నిలబడినోడు అని నువ్వే గదా జెప్పినావు. పెద్దోడి పేరు ఒకటి నాకూ ఉండనీ అక్కా."

ఆమె లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగేంతసేపూ చెప్పాలా వద్దా అని కొట్టుమిట్టాడింది. చెప్పకపోతే మోసం. చెబితే మనిషి మొహం ఎట్లా మాడిపోతుందో తలచుకోవడమే కష్టంగా ఉంది. చివరికి చెప్పేసింది. "చిన్నబ్బా, నా మీద కోపం పెట్టుకోవద్దు. పౌలనే మాటకు అర్థం కూడా చిన్నోడనే. గూడూరు మేష్టరు జెప్పినాడు."

చిన్నబ్బ చెంబు కింద పెట్టాడు. వేపపుల్లతో నేల మీద ఏదో గీశాడు.

"అయితే ఆయప్పా నా మాదిరి చిన్నబ్బేనా?"

"ఊ."

"అంత దూరం తిరిగినాయప్ప!" అన్నాడు. తర్వాత తలెత్తాడు. మీసం కింద నవ్వు. "అర్థం నాకు తెలుసు, నీకు తెలుసు. నాయుడికి తెలీదు గదా? ఆయన నోట్లోనించి పౌలని రావాల. నాకు అది సాలు. రాయించు అక్కా."

మర్నాడు ఆదివారం పాస్టరు రిజిస్టరు తెరిచి ఒక్కొక్కరినే పిలిచాడు. చిన్నబ్బ పౌలు అయ్యాడు. మునిరత్నమ్మ మార్త అయింది. తొమ్మిదిమంది పేర్లు మారాయి. కుప్పమ్మ వంతు వచ్చింది.

"ప్రిస్కిల్ల?" అన్నాడు పాస్టరు, కలం పట్టుకుని.

"కుప్పమ్మనే రాయండయ్యా."

జ్ఞానప్రకాశం కలం పక్కన పెట్టి మెల్లగా అన్నాడు. "అమ్మా, నేను మొండితనంతో అడగడం లేదు. మీరు నా తల్లి వయసు. మిమ్మల్ని నలుగురిలో చెత్తకుప్ప అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే అడిగాను."

కుప్పమ్మ ఉలిక్కిపడింది. అతని మనసులో ఇది ఉందని ఆమె అనుకోలేదు. గూడూరు నుంచి మోసుకొచ్చిన అపొల్లో, ఫీబే ఆమె నోటిదాకా రాలేదు. ముగ్గురు బిడ్డలు పోయిన తన తల్లి సంగతి చెప్పింది. చాట, పెంటకుప్ప, తవుడు, అన్నీ చెప్పింది.

"అయ్యా, కుప్ప నన్ను కాపాడిందని నేను నమ్మను. దేవుడు కాపాడినాడు. అయితే మా యమ్మకు ఆ దినం ఏం తోచిందో అది జేసింది. ఈ బిడ్డనన్నా బతకనీండని ఆమె వేడుకున్న వేడుకోలు అది. ఆమెకు వేరే ప్రార్థన తెలీదు. దాన్ని నేను కొట్టెయ్యలేను."

పాస్టరు తల వంచుకున్నాడు. పట్నంలో మూడు తరాల క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషికి ఆ పేరు వెనక ఇంత ఉంటుందని ఎవరూ చెప్పలేదు. కలం తీసుకుని కుప్పమ్మ అనే రాశాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి తానే వచ్చి, "రేపు నేనూ మీతో నడుస్తాను. ఎన్ని పల్లెలో అన్ని" అన్నాడు. అప్పుడు నిదానంగా, తమలపాకు నములుకుంటూ, గూడూరు సంగతులన్నీ చెప్పింది కుప్పమ్మ. అతను నోటుబుక్కులో రాసుకున్నాడు.

చర్చిలో పేరు మారడం ఒక పూట పని. పెద్దూరులో మారడానికి ఏడాదిన్నర పట్టింది. దొరస్వామి నాయుడు ఆ కొత్త పేరును విననట్టే ఉన్నాడు. పౌలు కూడా ఏమీ అడగలేదు. చిన్నబ్బా అంటే పలకడం మాత్రం మానేశాడు. దగ్గరకు వచ్చి పని చెబితే చేసేవాడు.

1981 తొలి నెలల్లో బెల్లం వంట జోరుగా సాగుతున్నప్పుడు కుప్పమ్మ ఆ తోటకు వెళ్లింది. మునిలక్ష్మీ వాళ్లూ గానుగ దగ్గర ఎండిన చెరకు పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తున్నారు. పౌలు చేతులు కడుక్కోవడానికి పది గజాల దూరంలో కాలువ దగ్గరికి పోయాడు. పెనంలో పాకం పొంగి రంగు తిరగసాగింది.

"చిన్నబ్బా!" అని కేకేశాడు నాయుడు.

పౌలు వినపడనట్టు చేతులు రుద్దుకుంటున్నాడు.

"రేయ్ చిన్నబ్బా! పాకం పోతా ఉండాది!"

అతను తిరగలేదు. కుప్పమ్మకు భయం వేసింది. పాకమంతా మాడిపోతే ఊరుకునే మనిషి కాడు నాయుడు. అప్పుడు నాయుడి తల్లి ఆదిలక్ష్మమ్మ, చింతచెట్టు నీడలో నులకమంచం మీద కూర్చున్న ఎనభై ఏళ్ల ముసలామె, గొంతెత్తి పిలిచింది. "పౌలూ! రా నాయనా, మాడిపోతుంది!"

పౌలు నాలుగు అంగల్లో వచ్చి పెనానికి కర్ర తగిలించి, పక్కవాళ్ల సాయంతో పొయ్యి మీది నుంచి దించాడు. పాకం దక్కింది. నాయుడు తల్లి వైపు చూసి అవతలికి పోయాడు.

ఆదిలక్ష్మమ్మ కుప్పమ్మను దగ్గరకు పిలిచి, ఆకులో వేడి బెల్లం పెట్టించి, కొడుకు పోయిన వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "పేరుకు ఏముండాది మే. ఈడికి ముందర ఇద్దరు పోయినారు నాకు. ఈణ్ణి గూడా సాటలో పెట్టి కుప్ప మీద పండుకోబెట్టినాము. అయిదేండ్లు కుప్పడనే పిలిసినాం. బడిలో చేర్చేటప్పుడు వాళ్ల నాయన దొరస్వామి అని రాయించినాడు. ఈడికి అది గుర్తు లేదు."

పల్లెలో తన తల్లి, పెద్దూరులో ఈ తల్లి, ఒకే భయంతో చాట పట్టుకుని నడిచారు. ఆ మాట బయట ఎక్కడా అనకూడదని కుప్పమ్మ అక్కడే నిర్ణయించుకుంది. చనిపోయేదాకా అనలేదు కూడా. మరి నాకెట్లా తెలిసిందంటే, ఆదిలక్ష్మమ్మే ఆ తర్వాత ఇంకో నలుగురికి చెప్పింది.

బయటికి వచ్చే దారిలో నాయుడు ఎదురయ్యాడు. "కుప్పమ్మా, నిల్సు. ఆ పౌలంటే ఏంది అర్థం? నీకు తెలుసుంటాది."

ఎంత సులువుగా అనేయొచ్చో! రెండు మాటలు చాలు, నాయుడు పగలబడి నవ్వుతాడు, పౌలు ఏడాదిన్నర పట్టుదల నేలపాలవుతుంది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"పేరు ఆయప్పది గదా సామీ. ఆయప్పనే అడగండి."

"నేను పోయి వాణ్ణడగాల్నా?"

"పేరు గలాయన్ని గాకుండా ఇంకెవర్ని అడుగుతారు సామీ?"

నాయుడు ఆమెను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. మూడు రోజులకు, వంట దగ్గర కూర్చుని ఉన్నవాడు ఉన్నట్టుండి అడిగాడట. పక్కనే ఉన్న మునిలక్ష్మి వచ్చి చెప్పింది.

"చిన్నోడని సామీ" అన్నాడట పౌలు, పాకం తిప్పుతూనే.

నాయుడు నవ్వాడట. "అదేందిరా! దీనికేనా ఇంత రగడ?"

"అది మీరు పిలిసింది సామీ. ఇది నేను ఏరుకున్నది."

నాయుడికి నవ్వు ఆగిపోయిందట. ఆ సీజను అయ్యేలోపు నాలుగైదు సార్లు పౌలూ అని పిలిచాడు. మధ్యలో పాత పేరు నోట్లోకి వచ్చేది, అప్పుడు దగ్గి సర్దుకునేవాడు. మనవడు మాత్రం తాత నోట ఆ పేరు విన్న మొదటి రోజునుంచే పౌలు తాతా అన్నాడు. పిల్లలకు అది కష్టం కాలేదు.

జ్ఞానప్రకాశం ఏడేళ్లు తుమ్మలకండ్రిగలోనే ఉన్నాడు. బాప్తిస్మం ఇచ్చే ముందు ప్రతి ఒక్కరినీ, "నీ పేరు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. ఆ జవాబులు వినడానికి ఒక్కోసారి పూటంతా పట్టేది. విన్నాక కొందరు మార్చుకునేవాళ్లు, కొందరు ఉంచుకునేవాళ్లు.

కుప్పమ్మకు 1985లో మోకాళ్లు పట్టేశాయి. ఆమె తిరిగే ఊళ్లకు మునిలక్ష్మిని పంపమని ఆమే అడిగింది. మొదటి వారం తోడు పోయి దారి చూపించింది. పిచ్చాటూరు బస్సు దిగాక, చెరువుకట్ట మీద ఒక రాయి మీద కూర్చుని, "నేనీడ కూసుంటా. నువ్వు పోయి జెప్పు" అంది.

"నాకు భయమేస్తా ఉండాది అక్కా. ఊళ్ల పేర్లు మర్సిపోతే?"

"మర్సిపోతే నీకు తెలిసిన ఊళ్ల పేర్లు జెప్పు. నడక మాత్రం మర్సిపోవద్దు."

మునిలక్ష్మి సంచి తగిలించుకుని కట్ట దిగింది. అవతలి పల్లెలో అప్పటికే ఆడవాళ్లు శనక్కాయల చుట్టూ చేరుతున్నారు. కుప్పమ్మ గొడుగు తెరిచి, ఆ పిల్ల వాళ్ల మధ్య కూర్చునేదాకా చూస్తూ ఉండిపోయింది.